మెలియాయిడోసిస్ అను నేలక్రిమి వ్యాధి: దాని గుర్తింపు, చికిత్స

వానకాలము ముగిసిన పిమ్మట ఒక తాలూకా మరణముల రిజిస్టరును తిరుగవేసినచో జ్వరము, ఊపిరితిత్తుల వాపు, కాలేజములో చీముగడ్డ, క్షయ, కారణము తెలియదు అను వేర్వేరు పద్దుల క్రింద పేళ్లు కానవచ్చును. ఆ పేళ్లలో కొన్ని ఒకే పద్దు క్రిందికి రావలసినవై యుండవచ్చునని చెప్పిన చాలమందికి నమ్మకము కలుగదు. అయినను ఒకే సూక్ష్మక్రిమి ఇన్ని రూపములతో మనుష్యుని చంపగలదు. ఆ క్రిమికి బర్ఖోల్డేరియా సూడోమాలియై అని శాస్త్రీయ నామము. అది కలిగించు వ్యాధికి మెలియాయిడోసిస్ అని పేరు. పేరు వినని అధికారి ఆ వ్యాధిని రిజిస్టరులో వ్రాయలేడు. పేరు వినని వైద్యుడు దానిని వెదకడు. వెదకని వ్యాధి దొరకదు గనుక ఆ ప్రాంతమున అది లేదనియే యందరును తలచుచుందురు.

ఈ వ్యాధి మొదట బయల్పడినది రంగూను పట్టణమున. అప్పటికి బర్మా హిందూదేశపు రాష్ట్రములలో నొకటి. 1911 సంవత్సరమున అక్కడి జనరల్ ఆసుపత్రిలో రోగనిదాన శాస్త్రజ్ఞుడుగా నుండిన ఆల్ఫ్రెడ్ విట్మోర్ దొరయు, ఆయన సహాయకుడగు సి. యస్. కృష్ణస్వామిగారును శవపరీక్షలు చేయుచుండగా కొన్ని శవములలో ఊపిరితిత్తులు జున్నువలె గడ్డకట్టియు, కాలేజము, ప్లీహము, మూత్రపిండములు, చర్మము క్రింది భాగములు చీముగడ్డలతో నిండియు నుండుట కానవచ్చెను. చూచుటకు అది గుఱ్ఱములకు వచ్చు గ్లాండర్స్ అను జాడ్యమును పోలియుండెను. కాని చనిపోయినవారికి గుఱ్ఱములతో నే సంబంధమును లేదు. చీమునుండి పెంచిన క్రిమియు గ్లాండర్స్ క్రిమికంటె వేగముగను దట్టముగను పెరుగుచుండెను. అంతియేకాక సూక్ష్మదర్శినిలో అది తనంతట తాను కదలాడుచుండెను. గ్లాండర్స్ క్రిమి కదలదు. ఈ భేదములను బట్టి ఇది క్రొత్త వ్యాధియని నిశ్చయించి 1912 లో వారిరువురును ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ప్రకటించిరి.

ఇచ్చట జరిగిన యొక పొరపాటు చెప్పదగినది. రంగూను శవాగారమునకు వచ్చిన శవములలో అధికభాగము దిక్కులేనివారివి, మార్ఫియా సూదులకు అలవాటుపడినవారివి. అందుచేత ఈ వ్యాధి ఆ దురలవాటు వలననే కలుగునను అభిప్రాయము పుట్టి, మార్ఫియా సూదివారి రక్తదూష్యము అను పేరు కూడ కొన్నాళ్లు వాడుకలో నుండెను. నిజమునకు సూదికిని దీనికిని అంతటి సంబంధము లేదు. బంధువులున్నవారి శవములు శవాగారమునకు రాలేదు గనుక వారిలోని వ్యాధి కంటబడలేదు. ఎవరిని పరీక్షించితిమో వారి లక్షణములే వ్యాధి లక్షణములుగా తోచుట లెక్కలు వ్రాయు ప్రతి కచేరీలోను నేటికిని జరుగుచున్నదే.

మెలియాయిడోసిస్ అను పేరును పెట్టినవారు మలయాదేశమున పనిచేసిన స్టాంటన్, ఫ్లెచర్ అను వైద్యులు. 1921 లో గ్రీకు భాషలో గాడిదల జాడ్యమును తెలుపు మాటనుండి దానిని కల్పించిరి. క్రిమి జంతువులనుండి, ముఖ్యముగా ఎలుకలనుండి, వచ్చునని వారు భావించిరి. అదియు నిలువలేదు. దాని నివాసము నేల, నీరు. వరిచేల బురదలోను, నీరు నిలిచిన పల్లములలోను అది స్వతంత్రముగా బ్రదుకును. ఎండలు కాయునపుడు తేమగల లోతు పొరలలో నుండి, వానలు పడినంతనే పైపొరకు వచ్చును. కావుననే వ్యాధిగ్రస్తులలో అత్యధికులు వానకాలమున కానవత్తురు. కాలి పగుళ్లద్వారా గాని, గాయముల ద్వారా గాని బురదలోని క్రిమి ఒంటిలో ప్రవేశించును. గాలివానల యందు తుంపురులతోను ధూళితోను ఊపిరితిత్తులలోనికి పోవును. శుద్ధిచేయని నీరు త్రాగుటచేతను వచ్చును. లోనికి పోయిన తరువాత సాధారణముగా మూడువారములలోపల జ్వరము పొడచూపును. కాని కొందరిలో క్రిమి యేండ్లతరబడి నిద్రించి యుండి, దేహబలము సన్నగిల్లినపుడు మేల్కొనును. రెండవ ప్రపంచయుద్ధమున జపానువారికి ఖైదీగా చిక్కిన యొక అమెరికను సైనికునికి 62 సంవత్సరముల తరువాత చర్మముపై పుండుగా ఇది బయటపడినదని 2005 లో వైద్యులు ప్రకటించిరి. ఇట్టివి మిక్కిలి యరుదు.

క్రిమి సోకినవారందరును జబ్బుపడరు. ఆరోగ్యవంతులగు రైతులు ఏటేట దానిని త్రొక్కుచునే యుందురు. వారిలో అనేకులకు ఏమియు కాదు. మధుమేహమున్నవారికి ఇది ప్రబల శత్రువు. ఏ దేశమున లెక్కించినను రోగులలో ఇంచుమించు సగముమందికి, కొన్నిచోట్ల అంతకంటె నెక్కువమందికి, మధుమేహముండుట కనుగొనబడినది. అందులో కొందరికి తమకు మధుమేహమున్న సంగతి ఆసుపత్రికి వచ్చినదాక తెలియదు. అతిగా మద్యము త్రాగువారు, మూత్రపిండముల జబ్బుగలవారు, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల రోగులు, తలసీమియా గలవారు, స్టెరాయిడ్ మందులు చాలకాలము వాడినవారు తరువాతి వరుసలో వత్తురు. మన దేశమున మధుమేహము పట్టణములను దాటి పల్లెలకు వ్యాపించినది. బురదలో దిగి పనిచేయువాడును, మధుమేహియు ఒక్కడే యగుట నేడు సామాన్యమైనది. తాలూకా అధికారులకు ఈ వ్యాధి ముఖ్యమగుటకు ఇదియే కారణము.

ఇక లక్షణముల సంగతి. వ్యాధిని గుర్తించుటలో కష్టమంతయు ఇచ్చటనే యున్నది. పగటివేషగాడు ఒకనాడు సోమయాజివలె, మరునాడు పఠానువలె వీధిలోనికి వచ్చినట్లు ఈ వ్యాధి ఇంటింటికి వేరు వేషముతో వచ్చును. రోగులలో సగముమందికి ఊపిరితిత్తుల వాపు. తీవ్రమైన జ్వరము, దగ్గు, ఆయాసము కలిగి, రక్తమున క్రిమి వ్యాపించి, రెండుమూడు దినములలో రక్తపోటు పడిపోయి మరణించువారు కలరు. మరికొందరికి నెలల తరబడి సన్నజ్వరము, దగ్గు, బరువు తగ్గుట. ఎక్సురే తీసిన ఊపిరితిత్తి పైభాగమున మచ్చ. చూచిన ప్రతివాడును క్షయ యనును. కళ్లె పరీక్షలో క్షయక్రిములు కానరావు, అయినను క్షయమందులు మొదలుపెట్టుదురు, రోగికి గుణమీయదు. ఆ మందులలో ఈ క్రిమిని చంపగలది లేదు. కళ్లెలో క్షయక్రిమి కనబడక, క్షయమందులకు లొంగని మధుమేహ రోగిని గూర్చి ఒక్కమారు మెలియాయిడోసిస్ పేరు తలచుకొనిన యెడల ఎన్నో ప్రాణములు నిలుచును.

వేరొకనికి దగ్గేలేదు. పొత్తికడుపు నొప్పి, జ్వరము. ప్లీహమునందో కాలేజమునందో అనేకములగు చిన్న చీముగడ్డలు. కాలేజములో గడ్డయనిన మన దేశమున అమీబా వలననియే మొదట తోచును. ప్లీహములో గడ్డలు మాత్రము ఇతర వ్యాధులలో అరుదు గనుక అది మంచి గుర్తు. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి చీముపట్టి మూత్రము బిగియును. మోకాలో భుజమో వాచి ఎముక కుళ్లును. చర్మముమీద మానని పుండుగా నుండి మరియే బాధయు లేనివారును గలరు. పిల్లలలో, ముఖ్యముగా థాయిలాండు దేశమున, చెవిక్రింది లాలాజల గ్రంథి ఒక ప్రక్కన వాచి చీముపట్టును. తల్లులు గవదబిళ్లలని పట్టు వేయుదురు. ఉత్తర ఆస్ట్రేలియాలో మెదడు మూలమునకే సోకి కాళ్లుచేతులు చచ్చుపడిన రోగులు కొందరు కలరు. ఇన్నిటిలో నే యొక్కటియు ఈ వ్యాధికే ప్రత్యేకమైనది కాదు. కావున లక్షణములు చూచి ఇదియే యని చెప్పగల వైద్యుడు ఎచ్చటను లేడు. అనుమానించుట మాత్రమే వైద్యుని పని, నిశ్చయము ప్రయోగశాలది.

నిశ్చయమునకు మార్గము క్రిమిని పెంచి చూచుటయే. వ్యాధి యే అవయవమునందున్నను రక్తము, కళ్లె, మూత్రము, గొంతు తుడుపు, చీము అన్నిటిని పంపవలయును. కళ్లెలేని రోగికి గొంతు తుడుపులోను, మూత్రబాధలేని రోగికి మూత్రములోను క్రిమి దొరకిన సందర్భములు కలవు. ఒక్కచోటనైన దొరకినచో వ్యాధి నిశ్చయము. ఏలయన ఈ క్రిమి ఆరోగ్యవంతుని దేహమున ఊరక కాపురముండునది కాదు. అయితే పెంపకపు పరీక్ష నూటికి సుమారు అరువది రోగులలో మాత్రమే క్రిమిని పట్టుకొనును. మొదటిమారు దొరకకున్నను అనుమానము గట్టిదైనచో మరల మరల పంపవలయును. రక్తములోని ప్రతిరోధ పదార్థములను కొలుచు పరీక్ష ఈ విషయమున నమ్మదగినది కాదు. వరిచేల ప్రాంతములలో ఆరోగ్యవంతులకు కూడ అది అనుకూలముగా వచ్చును, ప్రాణాపాయస్థితిలోనున్న రోగికి ప్రతికూలముగా వచ్చుటయు గలదు. క్రిమి పైపొరను గుర్తించు కాగితపుపట్టీ పరీక్షలు ఇటీవల వచ్చినవి. అవి త్వరగా ఫలితము నిచ్చును గాని పెంపకమునకు బదులు కాజాలవు.

పంపుట ఎంత ముఖ్యమో, అందుకొన్నవారు చూచుట అంత ముఖ్యము. ప్రయోగశాలలో ఈ క్రిమి పెరిగినను దానిని సూడోమొనాస్ జాతిలోని ఏదో యొక క్రిమియనియో, గాలినుండి పడిన మాలిన్యమనియో పారవేసిన సందర్భములు లెక్కకు మిక్కిలి. స్వయముగా పేరు చెప్పు యంత్రములు సైతము కొన్నిమారులు దీనిని దాని దాయాదియగు బర్ఖోల్డేరియా సెపేషియాగా చెప్పుచున్నవి. ఖరీదైన యంత్రము లేని చిన్న ప్రయోగశాలకు కూడ ఒక సులభమైన గుర్తు కలదు. ఆక్సిడేస్ పరీక్షకు అనుకూలమై, రంగువేసినపుడు రెండు కొనలును ముదురుగా పిన్నీసువలె కనబడుచు, జెంటామైసిన్, కోలిస్టిన్ మందులకు లొంగక, అమాక్సిసిల్లిన్ క్లావులనేట్ మందుకు లొంగు గ్రామ్ నెగటివ్ క్రిమి దొరకినచో అది మెలియాయిడోసిస్ క్రిమియని అనుమానించి పెద్ద ప్రయోగశాలకు పంపవలయును. యాష్‌డౌన్ అను శాస్త్రజ్ఞుడు 1979 లో కూర్చిన పెంపకపు పదార్థము ఇతర క్రిములను అణచి దీనిని మాత్రము ముడుతలుపడిన ఊదారంగు మచ్చలుగా పెంచును. పెంపకపు పళ్లెమును వాసన చూచుట కొందరు పాత ఉద్యోగులకు అలవాటు. ఈ క్రిమి విషయమున అది ప్రాణాంతకము కావచ్చును.

చికిత్స విషయమున చరిత్ర కొంత తెలిసినగాని నేటి పద్ధతి విలువ తెలియదు. పూర్వము క్లోరాంఫెనికాల్, డాక్సీసైక్లిన్, కో-ట్రైమాక్సజోల్ మందులను కలిపి ఇచ్చెడివారు. తీవ్రరోగులలో నూటికి డెబ్బదికి పైగా మరణించుచుండిరి. ఈశాన్య థాయిలాండులోని ఉబోన్ రాచథాని ఆసుపత్రిలో జరిగిన పరిశోధన 1989 లో లాన్సెట్ పత్రికలో వెలువడెను. పాత మందులిచ్చినవారిలో నూటికి 74 మంది చనిపోగా, సెఫ్టజిడిమ్ సూదులిచ్చినవారిలో 37 మంది మాత్రమే చనిపోయిరి. ఒక్క మందు మార్పుతో మరణములు సగమునకు తగ్గినవి.

ఇప్పటి చికిత్స రెండు భాగములు. మొదటి భాగమున సెఫ్టజిడిమ్ గాని, రోగి మిక్కిలి ప్రమాదస్థితిలో నున్నచో మెరోపెనెమ్ గాని, నరములోనికి కనీసము 10 మొదలు 14 దినములవరకు ఇవ్వవలయును. లోతైన చీముగడ్డలు, కీళ్లు, ఎముకలు చెడినచో నాలుగువారములు, అంతకు మించియు. మెదడుకు సోకినచో ఎనిమిది వారములు. పెద్ద గడ్డలను కోసి చీము తీయవలయును. మందు సరియైనదే యైనను జ్వరము విడుచుటకు తొమ్మిది పది దినములు పట్టుట సామాన్యము. నాలుగవనాడే జ్వరము తగ్గలేదని మందు మార్చుట తొందరపాటు. రెండవ భాగమున కో-ట్రైమాక్సజోల్ బిళ్లలు కనీసము మూడు నెలలు, రోగి బరువును బట్టి మోతాదుగా, మ్రింగవలయును. వీటితో డాక్సీసైక్లిన్ కూడ కలుపు నాచారము పూర్వముండెను. అది లేకున్నను ఫలితము తగ్గదని థాయిలాండులో జరిగి 2014 లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. బిళ్లలు మ్రింగునన్నాళ్లు మూత్రపిండముల స్థితిని, రక్తములోని పొటాషియమును, ఒంటిపై దద్దురులను కనిపెట్టుచుండవలయును.

పెన్సిలిన్, ఆంపిసిల్లిన్, జెంటామైసిన్ ఈ క్రిమిపై పనిచేయవు. ఏ జ్వరమునకైనను మొదట వాడబడు సెఫ్ట్రియాక్సోన్ సూదివలన కూడ ఫలితములు చాలినవి కావు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వారము దినములు వీటిని వాడి, రోగి చివరిస్థితికి వచ్చిన పిమ్మట జిల్లా ఆసుపత్రికి పంపుటవలననే అనేకులు నష్టపోవుచున్నారు. మంచి ఆసుపత్రులు గల ఆస్ట్రేలియాలో మరణములు నూటికి పదింటికి దిగినవి. క్రిమి రెండుచోట్లను ఒక్కటే. ఇక మూడునెలల బిళ్లల సంగతి. జ్వరము తగ్గి, ఆకలి పుట్టి, పొలములో పనులు మొదలైనపుడు బిళ్లలు మ్రింగుమనిన రైతు వినుట కష్టము. మధ్యలో మానివేసినవారికి వ్యాధి తిరుగబెట్టుట ప్రసిద్ధము. క్షయరోగుల ఇండ్లకు వెళ్లి బిళ్లలు మ్రింగించు ఏర్పాటు దేశమంతట నున్నది. అదే ఉద్యోగి అదే త్రోవలో పోవుచు మెలియాయిడోసిస్ రోగిని కూడ చూచివచ్చుటకు ప్రత్యేకపు ఖర్చేమియు లేదు.

రంగూనునుండి వెలువడిన ప్రకటన హిందూదేశపు వైద్యపత్రికలోనే అచ్చుపడినను, ఈ దేశపు వైద్యులు చాలకాలము ఈ వ్యాధిని పరదేశపుదానినిగనే యెంచిరి. 1991 లో బొంబాయినుండి ఒక నివేదిక వెలువడెను. తరువాత వేలూరు, మణిపాల్ మొదలగు చోట్ల వైద్యకళాశాలల ప్రయోగశాలలు వెదకనారంభించినకొలది రోగులు కానవచ్చిరి. 2016 లో ప్రకటింపబడిన యొక అంచనా ప్రకారము ప్రపంచమున ఏటేట సుమారు 1,65,000 మందికి ఈ వ్యాధి సోకి 89,000 మంది మరణించుచున్నారు. ఆ రోగులలో నూటికి 44 మంది దక్షిణాసియావారు. ఇది అంచనాయే గాని లెక్క కాదు. లెక్కకు వచ్చినవారు దీనిలో అతిస్వల్పభాగము. 2021 లో అమెరికాలో నాలుగు రాష్ట్రములయందు నలుగురికి ఈ వ్యాధి వచ్చి ఇద్దరు మరణింపగా, కారణము వెదకినవారికి హిందూదేశమున తయారై అక్కడ అమ్ముడుపోయిన యొక సుగంధద్రవపు సీసాలో క్రిమి దొరకెను. నలుగురి జబ్బుకు మూలము సముద్రములు దాటి వెదకబడినది.

2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లాలోని తురకపాలెము గ్రామమున కొన్ని నెలలలో వరుసగా సంభవించిన మరణములను గూర్చి మెలియాయిడోసిస్ అను అనుమానము కలిగి, వైద్యబృందములు ఇంటింటికి పోయి రక్తము తీసి పరీక్షలకు పంపినవి. పత్రికలలో ఆ పేరు తెలుగున విరివిగా అచ్చుపడుట బహుశః అప్పుడే. ఇట్టి సమయమున గ్రామము భయపడుట సహజము. బంధువులు రాకపోకలు మానుదురు, పనికి పిలువరు. అధికారులు మొదట స్పష్టముగా చాటింపవలసినది ఇది మనుష్యునినుండి మనుష్యునికి అంటుకొను వ్యాధి కాదనుట. అట్లు సోకిన సందర్భములు ప్రపంచమంతట వెదకినను మిక్కిలి యరుదు. రోగిని వేరుచేయుట, వీధికి కంచె వేయుట, శవమును ముట్టక పాతిపెట్టుట అవసరము లేదు. టీకా ఇంకను రాలేదు గనుక టీకాలు వేయింతుమని మాట యిచ్చుటయు కూడదు.

చేయవలసినవి వేరు. త్రాగునీటి కొళాయిలను చూడవలయును. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1997 లో ఒక మారుమూల గ్రామమున ఈ వ్యాధి వ్యాపించుటకు త్రాగునీటి సరఫరాయే మూలమని తేలినది. భారత ప్రమాణముల ప్రకారము కొళాయి నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల శేషక్లోరిను ఉండవలయును. అది నీళ్లట్యాంకు వద్ద గాక వీధి చివరి కొళాయి వద్ద కొలిచి చూడదగినది. నీటిలో బురద కలిసియున్నచో క్లోరిను బురదకే సరిపోవును. అనుమానము తీరునందాక నీరు కాచి త్రాగుమని చెప్పవలయును. మధుమేహులగు రైతులకు, కూలీలకు, మురుగుకాలువలు తీయు పురపాలక కార్మికులకు మోకాలివరకు బూట్లు, చేతితొడుగులు ఇప్పించవలయును. బూట్లతో నాట్లు వేయుట కుదరదని రైతులు చెప్పుదురు. ఆ మాటలో నిజమున్నది. అట్టివారు కాలి పగుళ్లను, గాయములను కప్పుకొని దిగి, పని ముగిసినవెంటనే శుభ్రమైన నీటితో కడుగుకొనుట మేలు. గాలివాన వీచునపుడు మధుమేహులు ఇంటిపట్టున నుండుట మంచిది. మేకలకు, గొఱ్ఱెలకు, పందులకు కూడ ఈ వ్యాధి వచ్చును గనుక చీముగడ్డలతో పశువులు చచ్చినచో పశువైద్యునికి తెలుపవలయును.

నమూనాలను పంపుటలో తరుచు జరుగు తప్పిదము ఒక్కటి కలదు. రక్తము నింపిన పెంపకపు సీసాలను మంచుపెట్టెలో పెట్టి పంపుచుందురు. చలికి క్రిమి పెరుగుట మందగించును. వానిని మామూలు గాలివేడిమిలోనే యుంచి, తీసిన దినముననే పంపవలయును. సీసాపై రోగి పేరు, ఊరు మాత్రమే గాక మెలియాయిడోసిస్ అనుమానము అని స్పష్టముగా వ్రాసినచో అవతలివారు పెరిగినదానిని పారవేయక చూతురు, తమ జాగ్రత్తలో తాముందురు. మరణముల రిజిస్టరులో జ్వరము అని వ్రాయునపుడు ప్రక్కనే వృత్తి, మధుమేహమున్నదా లేదా, జ్వరము మొదలైన తేది, వాడిన మందులు చేర్చవలయును. ఒకే ఊరిలో ఒకే వానకాలమున మధుమేహులగు శ్రమజీవులు ఇద్దరు ముగ్గురు ఇట్లు చనిపోయినట్లు కనబడిన దినముననే జిల్లా వైద్యాధికారికి తెలియజేయవలయును. సంవత్సరాంతపు నివేదికదాక ఆగరాదు.